హైదరాబాద్ పేరు మోసిన విమానం

లండన్ నగరంలోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో నూరేళ్లు దాటిన ఒక యుద్ధ విమానం ఉన్నది. దాని రకం డీహెచ్ 9ఏ, దాని సంఖ్య ఎఫ్ 1010. కర్రతో చేసిన చట్రం, దాని మీద బిగించిన లినెన్ గుడ్డ, ఒకదాని పైన ఒకటిగా రెండు జతల రెక్కలు, ఆ రెక్కల నడుమ అడ్డదిడ్డంగా సాగిన తీగలు – ఇదీ దాని స్వరూపం. దాని పక్క భాగం మీద రాసి ఉన్న మాటలు మన దృష్టిని నిలిపివేస్తాయి. ఈ యంత్రం హైదరాబాద్ నిజాం ప్రభువు ఇచ్చిన కానుక అని ఆ మాటలు తెలుపుతాయి.

ఈ శీర్షికలో ఇంటిల్లిపాదీ కలిసి చేయదగిన పనులను పాఠకుల ముందుంచడం మా ఆనవాయితీ. ఈ మాసం ఆ పాత విమానపు చిన్న నమూనాను ఇంట్లో తయారు చేయడం గురించి, తయారైన నమూనాను నలుగురికీ చూపడం గురించి ముచ్చటిస్తాము. తయారీ చేతులకు సంబంధించిన పని. ప్రదర్శన నాలుకకు, మనస్సాక్షికి సంబంధించిన పని. మొదటి పనిలో వెంట్రుకవాసి తేడాను కూడా ఓర్చుకోని మనిషి రెండవ పనిలో సగం కథ చెప్పి ఊరుకుంటే ఆ నమూనా పూర్తి కానట్టే. ఈ మాసం మేము చెప్పదలచిన మాట ఇదే.

కానుకగా వచ్చిన విమానాలు

మొదటి ప్రపంచ యుద్ధం సాగుతుండగా 1917 నవంబరులో ఇంగ్లండులో 110వ స్క్వాడ్రన్ అనే వైమానిక దళం ఏర్పడింది. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో అది ఫ్రాన్సుకు తరలివెళ్లింది. అప్పటికి కొత్త రకమైన డీహెచ్ 9ఏ విమానాలతో యుద్ధరంగంలో ప్రవేశించిన తొలి దళం అదే. ఆ దళానికి మొదట సమకూరిన విమానాలు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కానుకగా ఇచ్చినవి. ప్రతి విమానం మీదా ఆ సంగతి రాయించారు. అందువల్ల ఆ దళానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పేరు స్థిరపడింది.

డీహెచ్ 9ఏ బాంబులు వేసే విమానం. ముందు భాగంలో అమెరికాలో తయారైన లిబర్టీ ఇంజను ఉండేది. పన్నెండు సిలిండర్ల ఆ ఇంజను శక్తి 400 అశ్వబలం. దాని ముందు మోటారు కారుకు ఉన్నట్టే పెద్ద రేడియేటరు అమర్చారు. రెక్కల వెనుక పైలట్ కూర్చుంటాడు. అతని వీపు వెనుకనే, అతని మాట వినిపించేంత దగ్గరగా, మరతుపాకి పట్టుకున్న రెండవ సైనికుడు కూర్చుంటాడు. దీనికి ముందు వచ్చిన డీహెచ్ 4లో ఈ ఇద్దరి మధ్య ఇంధనపు ట్యాంకు ఉండేది. ఆపద సమయంలో ఒకరి మాట మరొకరికి చేరేది కాదు. ఆ లోపాన్ని తరువాతి విమానాల్లో సరిదిద్దారు.

1918 అక్టోబరు 5వ తేదీన ఎఫ్ 1010 జర్మనీలోని కైజర్స్‌లాటర్న్ వైపు దాడికి వెళ్లి తిరిగి రాలేదు. అది జర్మన్ల చేతికి చిక్కింది. అందులోని ఇద్దరు వైమానికులు యుద్ధఖైదీలయ్యారు. జర్మన్లు ఆ విమానాన్ని తరువాత బెర్లిన్ మ్యూజియంలో ప్రదర్శించారు. రెండవ ప్రపంచ యుద్ధంలో ఆ మ్యూజియం మీద కూడా బాంబులు పడ్డాయి. అక్కడి విమానాలను తూర్పు దిక్కుకు తరలించగా, ఎఫ్ 1010 చివరకు పోలండులోని క్రాకోవ్ నగరపు మ్యూజియానికి చేరింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్ విమానాన్ని వారికిచ్చి, దీనిని లండన్ మ్యూజియం తెచ్చుకున్నది. ఇన్ని చేతులు మారిన ఆ చెక్క యంత్రం నేటికీ హైదరాబాద్ పేరును మోస్తూనే ఉన్నది.

రెక్కల గుర్రం

నమూనా తయారీకి పూనుకునే ముందు కొందరు తల్లిదండ్రులకు ఒక సందేహం కలుగుతుంది. ఇస్లాం బొమ్మలను నిషేధించింది కదా, ఇలాంటిది ఇంట్లో ఉంచవచ్చునా? ఈ జాగ్రత్త మెచ్చదగినది. అయితే ప్రాణుల రూపాలకు, ప్రాణం లేని వస్తువుల రూపాలకు మధ్య ఉన్న తేడాను మన పెద్దలు మొదటి నుంచీ స్పష్టం చేశారు. బొమ్మలు చేసి జీవనం సాగించే ఒక వ్యక్తి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వద్దకు వచ్చి తన సంగతి చెప్పుకున్నాడు. ఆ పని మానలేనంటే చెట్లను, ప్రాణం లేని వస్తువులను చిత్రించుకోమని ఆయన అతనికి దారి చూపారు. ఓడ, వంతెన, మస్జిద్, విమానం – ఇవన్నీ ఆ కోవలోనివే.

మరొక సంఘటన మరింత మధురమైనది. హజ్రత్ ఆయిషా (రజి) ఆటవస్తువులలో గుడ్డపీలికలతో చేసిన రెండు రెక్కలున్న గుర్రం ఒకటి ఉండేది. మహాప్రవక్త ముహమ్మద్ (స) దానిని చూసి, గుర్రానికి రెక్కలేమిటని అడిగారు. సులైమాన్ (అలైహిస్సలాం) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె బదులిచ్చారు. ఆ మాటకు దైవప్రవక్త (స) పలువరుస కనిపించేలా నవ్వారు. ఈ ఉల్లేఖనం సుననె అబూ దావూద్‌లో ఉన్నది. ఒక బాలిక ఊహను, చేతిపనిని ఆ మహనీయుడు ఎంత ఆప్యాయంగా ఆదరించారో గమనించండి. రెక్కలున్న ఆటవస్తువును చూసి ఆయన మోములో విరిసిన ఆ నవ్వు మన ఇళ్లలో కూడా విరియాలి.

కిట్లలో తరచుగా పైలట్ల చిన్న బొమ్మలు కూడా వస్తాయి. వాటి విషయంలో ఇంటివారికి సందేహం ఉంటే పక్కన పెట్టవచ్చు. దాని వల్ల నమూనాకు వచ్చే లోపమేమీ లేదు. నేలమీద నిలిచి ఉన్న విమానంలో మనుషులు ఉండనవసరం లేదు.

కొలత ఒక అమానతు

నమూనా అంటే చిన్నదిగా చేయడం మాత్రమే కాదు, ఒకే నిష్పత్తిలో చిన్నదిగా చేయడం. డీహెచ్ 9ఏ రెక్కల చివరి నుండి చివరి వరకు వెడల్పు సుమారు 14 మీటర్లు, పొడవు సుమారు 9.2 మీటర్లు. 1:72 నిష్పత్తిలో ఆ వెడల్పు 19 సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ అవుతుంది. 1:48లో 29 సెంటీమీటర్లు, 1:32లో దాదాపు 44 సెంటీమీటర్లు అవుతుంది. 1:72 ప్రకారం ఆరడుగుల మనిషి సరిగ్గా ఒక అంగుళం ఎత్తుంటాడు. ఈ నిష్పత్తి ఇంతగా వ్యాపించడానికి ఆ సులువైన లెక్క కూడా తోడ్పడింది.

ఈ లెక్కను పిల్లల చేతనే చేయించాలి. అసలు కొలతను సెంటీమీటర్లలోకి మార్చి, నిష్పత్తి సంఖ్యతో భాగించడం అయిదవ తరగతి విద్యార్థికి సాధ్యమయ్యే పని. 1:48 నమూనాలో ఒక మిల్లీమీటరు తప్పు చేస్తే అసలు విమానంలో అది దాదాపు అయిదు సెంటీమీటర్ల తప్పు అవుతుందని కూడా వారికి చెప్పాలి. చిన్న దానిలో కనిపించని తప్పు పెద్ద దానిలో ఎంతగా పెరుగుతుందో అప్పుడు వారికి అర్థమవుతుంది. కొలతల్లో, తూకాల్లో తగ్గించి ఇచ్చేవారిని దివ్య ఖుర్ఆన్ తీవ్రంగా హెచ్చరించింది. ఆ హెచ్చరిక అంగట్లో తక్కెడకు మాత్రమే పరిమితమైనది కాదు. స్కేలు పట్టుకున్న పిల్లవాడి వేళ్లకు కూడా అది వర్తిస్తుంది.

తయారీలో మెట్లు

ప్లాస్టిక్ కిట్‌లో భాగాలన్నీ ఒక చట్రానికి అంటుకుని వస్తాయి. వాటిని చేత్తో విరవకూడదు. సన్నని కట్టర్‌తో కత్తిరించి, మిగిలిన ముక్కును గరుకు కాగితంతో నునుపు చేయాలి. జిగురు పూయక ముందే రెండు భాగాలను ఒకసారి కలిపి చూసుకోవాలి. మొదట లోపలి భాగం, అంటే పైలట్ కూర్చునే చోటు, పూర్తి కావాలి. అసలు విమానంలో అది కర్రతో చేసినది కనుక లోపల గోధుమ వర్ణం వేయాలి. ఆ తరువాతనే విమానపు రెండు పక్కలనూ మూసి అతికించాలి. మూసిన తరువాత లోపలి పనిలో చాలా భాగం ఎవరికీ కనిపించదు. అయినా దానిని శ్రద్ధగా చేయాలి. ఎవరైనా ఒక పని చేస్తే దానిని చక్కగా, నిండుగా చేయడాన్ని అల్లాహ్ ప్రేమిస్తాడని మన ప్రవక్త (స) బోధించారు. మనుషుల కంటికి కనిపించని మూల కూడా ఆయనకు కనిపిస్తుందన్న ఎరుక పిల్లలకు ఇక్కడ పాఠం చెప్పకుండానే అలవడుతుంది.

తరువాత కింది రెక్కలు, తోక, చక్రాలు. వీటికి రంగు వేసిన పిమ్మటనే పై రెక్కను అమర్చాలి. లేకుంటే నడుమ కుంచె దూరదు. ఆ కాలపు బ్రిటిష్ విమానాల పైభాగాలకు పీసీ 10 అనే పూత పూసేవారు. పసుపు ఓకర్ మట్టిలో దీపపు మసిని కలిపితే వచ్చే రంగు అది. కొందరికి ఆకుపచ్చగా, కొందరికి గోధుమగా కనిపిస్తుంది. దాని అసలు ఛాయ ఏదన్న విషయంలో నమూనాలు చేసేవారి మధ్య నేటికీ వాదం నడుస్తూనే ఉన్నది. ఆ పూత శత్రువు కంటబడకుండా దాచడానికి మాత్రమే కాక, ఎండ తాకిడికి లినెన్ గుడ్డ చివికిపోకుండా కాపాడడానికి కూడా ఉద్దేశించినది. అడుగు భాగాలకు ఆ రంగు వేయక గుడ్డ వర్ణాన్నే ఉంచేవారు. రెక్కల మీది వలయపు గుర్తులు నీటిలో నానబెట్టి జార్చే పలుచని స్టిక్కర్లుగా కిట్‌లో వస్తాయి. హైదరాబాద్ పేరున్న రాత కిట్‌లో లేకపోతే, సన్నని కలంతో తెల్ల కాగితం మీద రాసి అంటించవచ్చు. ఇంట్లో దస్తూరి బాగున్నవారికి ఈ పని అప్పగించండి.

అన్నిటికంటే ఓపిక కోరేది తీగల పని. ఈ తీగలు అలంకారం కాదు. కొన్ని తీగలు గాలిలో ఉన్నప్పుడు రెక్కలు పైకి విరిగిపోకుండా పట్టి ఉంచుతాయి. మరికొన్ని నేలమీద ఉన్నప్పుడు రెక్కల బరువును మోస్తాయి. ఏ తీగ ఏ పని చేస్తుందో పిల్లలకు వివరించి కట్టిస్తే వారు ఒక్కదానిని కూడా మరచిపోరు. అర సెంటీమీటరు మందమున్న తీగ 1:48లో మిల్లీమీటరులో పదవ వంతుకు తగ్గుతుంది. అంటే ఇంచుమించు తలవెంట్రుక అంత. చేపలు పట్టే అతి సన్నని నైలాన్ దారం దీనికి పనికివస్తుంది. సూది పని తెలిసిన అమ్మాయిల వేళ్లు ఈ మెట్టులో అందరినీ మించిపోతాయి. నమూనాల తయారీ అబ్బాయిల వ్యవహారమన్న భావనను ఇంట్లోకి రానివ్వకండి. రెక్కల గుర్రం ఎవరి ఆటవస్తువులలో ఉండేదో మరొకసారి జ్ఞాపకం చేసుకోండి.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పుకోవాలి. ప్లాస్టిక్ జిగురు ఆవిరి ఆరోగ్యానికి మంచిది కాదు. కిటికీలు తెరిచి పని చేయాలి. బ్లేడు పని పెద్దల చేతిలోనే ఉండాలి. చిన్న భాగాలు పాకే పిల్లలకు అందకూడదు. చేతి గోళ్ల మీద, వేళ్ల మీద ఎండిపోయిన జిగురు, రంగు పొరలుగా అంటుకుని ఉంటే వుజూ నీరు చర్మానికి చేరదు. నమాజుకు ముందు వాటిని తొలగించుకోవడం మరవరాదు. నీటితో కలిపే అక్రిలిక్ రంగులైతే త్వరగా శుభ్రమవుతాయి. జిగురు ఆరడానికి, రంగు ఎండడానికి పట్టే సమయం ఈ పనిలో మనకు దొరికే వరం. అజాన్ వినిపించగానే కుంచెను కడిగి లేవడానికి అది అలవాటు చేస్తుంది. ఆరని రంగును ముట్టుకుంటే వేలిముద్ర పడుతుంది. సహనం లేకపోతే ఏమవుతుందో ఆ ముద్రే చెబుతుంది.

ఖర్చు మాటేమిటి?

డీహెచ్ 9ఏ కిట్ అన్ని అంగళ్లలో దొరికే వస్తువు కాదు. పెద్ద నిష్పత్తి కిట్లు ఖరీదైనవి. ఇంటి అవసరాలను వెనక్కు నెట్టి, అప్పు చేసి ఈ సరదా తీర్చుకోవడం దుబారా. దుబారా చేసేవారిని ఖుర్ఆన్ షైతాను సోదరులుగా పేర్కొన్నది. అందువల్ల రెండు సులువైన దారులను సూచిస్తాము.

మొదటిది, స్పిట్‌ఫైర్ కిట్. ఇది తేలికగా దొరుకుతుంది. ఒకే జత రెక్కలు కనుక తీగల పని ఉండదు. దీనికీ హైదరాబాద్‌తో సంబంధం ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్ కూడా హైదరాబాద్ పేరు ధరించినదే. ఆ దళపు చిహ్నంలో నిజాం ధరించే తలపాగా కనిపిస్తుంది. హరికేన్ విమానాలు నడిపిన 253వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ స్టేట్ అన్న పేరుండేది.

రెండవది, దాదాపు ఖర్చు లేని దారి. పాత అట్టపెట్టెతో విమానపు ఒడలు, శుభలేఖల మందపాటి కాగితంతో రెక్కలు, ఈనెపుల్లలతో రెక్కల నడుమ నిలువు కర్రలు, మైనం పూసిన నల్ల దారంతో తీగలు చేయవచ్చు. అసలు విమానం కూడా కర్రతో, గుడ్డతో, తీగలతోనే తయారైనదని గుర్తుంచుకుంటే ఈ నమూనా ప్లాస్టిక్ దాని కన్నా అసలుకు మరింత దగ్గర బంధువని తెలుస్తుంది. ఈ దారిలో కొలతలన్నీ మనమే లెక్కించుకోవాలి. శ్రమ ఎక్కువ, విద్య కూడా ఎక్కువే.

అద్దాల పెట్టె, దాని పక్కన కార్డు

నమూనా పూర్తయిన తరువాత దానిని ఎండ నేరుగా పడని చోట ఉంచాలి. ఎండకు స్టిక్కర్లు పసుపు రంగుకు తిరుగుతాయి. మన వేసవిలో తలుపులు మూసి ఎండలో నిలిపిన కారులో దీనిని వదిలితే పలుచని రెక్కలు వంకర పోవచ్చు. దుమ్ము పట్టిన తీగలను తుడవడం దాదాపు అసాధ్యం కనుక అద్దాల పెట్టె, లేదా పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టె అవసరం. ఇంత వరకు చెప్పడం సులువు. పెట్టె పక్కన ఉంచే కార్డు మీద ఏమి రాయాలన్నదే కష్టమైన ప్రశ్న.

మొదట తయారీ గురించి నిజం రాయాలి. బడిలో ప్రదర్శన జరిగినప్పుడు తండ్రి చేసిన నమూనాను పిల్లవాడు తన పేరుతో పెట్టి బహుమతి తెచ్చుకోవడం అనేక ఇళ్లలో చూస్తున్నదే. ఇంట్లోవారందరూ దానిని సరదాగా తీసుకుంటారు. కాని పిల్లవాడు ఆ రోజు నేర్చుకున్నది అబద్ధానికి కూడా బహుమతి దొరుకుతుందన్న పాఠం. కిట్‌తో చేసినదైతే కిట్‌తో చేశామని, తీగలు అక్క కట్టిందని, రంగులు అన్న వేశాడని రాయండి. వంకరగా అతికిన రెక్క వల్ల ఇంటి గౌరవానికి లోటు రాదు. నలుగురి మెప్పు కోసమే చేసే పనికి దైవం వద్ద విలువ ఉండదని, దానినే రియా అంటారని చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు.

తరువాత విమానం గురించి నిజం రాయాలి. ఇక్కడే మన పరీక్ష మొదలవుతుంది. కార్డు చదివిన పిల్లవాడు తప్పక అడుగుతాడు. 'ఈ విమానం మన హైదరాబాద్‌దేనా, అబ్బా?' ఆ ప్రశ్నకు గర్వంతో అవునని చెప్పి సాగిపోవడం సులువు. హైదరాబాద్ పేరు లండన్‌లో నిలిచి ఉన్నదని మురిసిపోవడం మరింత సులువు. కాని మిగిలిన సగం కథ కూడా ఉన్నది.

ఆ కానుకకు పెట్టిన ధనం ఎక్కడిది? నిజాం రాజ్యం తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాల రైతుల మీద ఆధారపడిన రాజ్యం. ఖజానా నిండినది వారి చెమటతోనే. ఆ యుద్ధంలో బ్రిటిష్ వారికి ఎదురుగా నిలిచినవారిలో ఉస్మానియా తుర్కులు కూడా ఉన్నారు. వారి సుల్తాను అప్పుడు ఖలీఫా. 1914లో తుర్కీ యుద్ధంలో దిగినప్పుడు, బ్రిటిష్ ప్రభుత్వానికి విధేయులై ఉండవలసిందని నిజాం ముస్లింలకు ప్రకటన ద్వారా సూచించారు. యుద్ధం ముగిసే సంవత్సరానికి బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు నమ్మకమైన మిత్రుడన్న బిరుదునిచ్చింది. ఖిలాఫత్ కోసం దేశమంతటా ముస్లింలు ఉద్యమించినది ఆ వెనువెంటనే.

ఆ రకం విమానాల కథ కూడా అక్కడితో ముగియలేదు. యుద్ధం తరువాత డీహెచ్ 9ఏ విమానాలు ఇరాక్‌కు, వాయవ్య సరిహద్దుకు వెళ్లాయి. 1922 అక్టోబరు నుండి ఇరాక్‌ను అదుపులో ఉంచే బాధ్యతను బ్రిటిష్ వారు తమ వైమానిక దళానికి అప్పగించారు. మాట వినని తెగల గ్రామాల మీద బాంబులు వేయడం ఆ విధానంలో ఒక భాగం. 1925లో వజీరిస్తాన్ కొండల మీద జరిగిన దాడుల్లోనూ ఈ రకం విమానాలు పాల్గొన్నాయి. నిజాం కానుకగా ఇచ్చిన విమానాలే అక్కడికి వెళ్లాయని మేము అనడం లేదు. కాని అదే అచ్చులో పోసిన యంత్రాలు ముస్లిం గ్రామాల మీద ఎగిరాయన్నది చరిత్ర. అంతకు ముందు జర్మన్ పట్టణాల మీద పడిన బాంబుల కింద కూడా ఇళ్లు, పిల్లలు ఉన్నారు. యుద్ధంలో స్త్రీలను, పిల్లలను చంపరాదని నేర్పిన ప్రవక్త (స) అనుచరులమైన మనం ఆ ప్రాణాలను మతాన్ని బట్టి లెక్కించలేము.

అయితే నిజాంను దోషిగా నిలబెట్టి కార్డు ముగించడం కూడా సగం కథే అవుతుంది. ఆ విమానాలు యుద్ధరంగానికి చేరిన 1918లోనే హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఉర్దూ మాధ్యమంలో ఆధునిక విద్యను ఉన్నత స్థాయి వరకు బోధించిన ఆ సంస్థ నుండి ఎన్ని వేల ఇళ్లకు దీపం అందినదో తెలుగువారికి వేరుగా చెప్పనవసరం లేదు. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచివేసిన తరువాత, అలాంటి విపత్తు మళ్లీ రాకుండా కట్టిన ఉస్మాన్ సాగర్ కూడా ఆయన కాలంలోనిదే. అదే పాలకుడు, అదే ఖజానా, ఇంచుమించు అవే సంవత్సరాలు. ఒక చేతితో విశ్వవిద్యాలయం, మరొక చేతితో బాంబుల విమానం. మనిషిని తూచేటప్పుడు రెండు పళ్లేలనూ నింపి తూచాలి. న్యాయం విషయంలో స్వయంగా మనకు, మన తల్లిదండ్రులకు, దగ్గరివారికి ప్రతికూలంగా ఉన్నా సరే, నిజమైన సాక్ష్యం పలకవలసిందని దివ్య ఖుర్ఆన్ నిసా సూరాలో ఆదేశించింది. మన నగరం మీద ప్రేమ, మన ప్రభువుల మీద గౌరవం ఆ ఆజ్ఞకు అడ్డు రాకూడదు.

కార్డు ఎలా ఉండాలి?

పెద్ద వ్యాసం అవసరం లేదు. మా దృష్టిలో ఇలా రాస్తే సరిపోతుంది.

'డీహెచ్ 9ఏ, సంఖ్య ఎఫ్ 1010. నిష్పత్తి 1:48. 1918లో హైదరాబాద్ నిజాం బ్రిటిష్ వారికి కానుకగా ఇచ్చిన విమానాలలో ఒకటి. ఆ ధనం హైదరాబాద్ రాజ్య ప్రజలది. జర్మనీ మీదికి దాడికి వెళ్లి పట్టుబడింది. ఇద్దరు వైమానికులు ఖైదీలయ్యారు. ఈ రకం విమానాలు తరువాత ఇరాక్, వజీరిస్తాన్ గ్రామాల మీద బాంబులు వేశాయి. అసలు విమానం లండన్ మ్యూజియంలో ఉన్నది. ఈ నమూనాను మా ఇంట్లో అందరం కలిసి చేశాము.'

ఇంతే. ఇందులో పొగడ్త లేదు, తిట్టు లేదు. చదివినవారు తమంతట తాము ఆలోచించుకుంటారు. కార్డు మీది ప్రతి మాటను రాసే ముందు నిర్ధారించుకోండి. తెలియని దాని వెంట పడరాదన్న ఖుర్ఆన్ ఉపదేశం విమానపు రంగుకు ఎంత వర్తిస్తుందో దాని చరిత్రకూ అంతే వర్తిస్తుంది.

ఇంత బాధాకరమైన చరిత్ర ఉన్న వస్తువును ఇంట్లో ఎందుకు ఉంచుకోవాలని కొందరు అడగవచ్చు. ప్రయాణికుల విమానాన్నో, హజ్ యాత్రికుల ఓడనో చేసుకోవచ్చు కదా అనవచ్చు. తప్పకుండా చేసుకోవచ్చు, అది మంచి ఎంపికే. కాని మార్కెట్లో దొరికే విమానపు కిట్లలో ఎక్కువ భాగం యుద్ధ విమానాలవే. పిల్లలు వాటినే కోరుకుంటారు. పెట్టె మీది బొమ్మలో మేఘాలు, వీరత్వం మాత్రమే కనిపిస్తాయి. కింద ఉన్న ఊరు కనిపించదు. ఆ ఊరిని పిల్లలకు చూపించగలిగేది తల్లిదండ్రులు మాత్రమే. యంత్రంలోని నేర్పును మెచ్చుకుంటూనే, ఆ యంత్రం చేసిన పనికి బాధపడగల మనసు ఒకే పిల్లవాడిలో పెరగడం సాధ్యమే. చేతులు ఒక పని మీద నిలిచి ఉన్నప్పుడు పిల్లలు మన మాటలు ఎక్కువగా వింటారన్నది ఇంట్లో పిల్లలతో కూర్చుని పని చేసిన ప్రతి తల్లికీ, తండ్రికీ తెలిసిన సంగతే. ఒక తీగ కట్టడానికి పట్టే పావుగంటలో, ఆ తీగ మోసిన బరువు గురించి, ఆ విమానం మోసిన బరువు గురించి కూడా మాట్లాడుకోవచ్చు.

ఈ చరిత్ర పిల్లలకు భారం కాదా అన్న ప్రశ్నకు కూడా సమాధానం అదే. వయస్సును బట్టి చెప్పండి. ఆరేళ్ల పాపకు ఈ విమానం పట్టుబడింది, లోపల ఉన్న ఇద్దరూ బతికారు అన్న మాట చాలు. పన్నెండేళ్ల బాలుడికి ఇరాక్ గ్రామాల సంగతి చెప్పవచ్చు. పదహారేళ్లవారితో నిజాం నిర్ణయం గురించి చర్చించవచ్చు. వారు మీతో విభేదించనివ్వండి. ఒకే నమూనా ప్రతి రెండు మూడు సంవత్సరాలకు వారికి కొత్త పాఠం చెబుతుంది.

వేసవి సెలవుల్లోనో, శీతకాలపు సెలవుల్లోనో కొన్ని వారాలపాటు రోజుకు ఒక గంట కేటాయిస్తే ఈ పని పూర్తవుతుంది. పూర్తయిన రోజున దాదీమా చేతనో, నానాజాన్ చేతనో పెట్టె మూత వేయించండి. కార్డును ఇంట్లో అందరికంటే చిన్నవారి చేత బిగ్గరగా చదివించండి. చదివేటప్పుడు ఏ వాక్యం దగ్గరా వారి గొంతు తడబడకుండా, దాచవలసిన మాట ఒక్కటీ లేకుండా ఆ కార్డును మనం రాయగలగాలి.

మన చేతిపనిలోనూ, మన సాక్ష్యంలోనూ నిజాయితీని, నిండుదనాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.